శస్త్రచికిత్సయు, రోగికి చెప్పవలసిన మాటయు

శస్త్రచికిత్స అనగానే మన మనస్సునకు తోచునవి కత్తి, సూది, దారము. కాని ఈ మూడింటికంటె ముందుగా రోగికి అందవలసినది మాట. తన దేహములో ఏమి చెడినదో, వైద్యుడు ఏమి చేయదలచినాడో, తాను ఏమి చేయవలెనో రోగికి తెలియజెప్పుట చికిత్సకు అలంకారము కాదు, చికిత్సలోనే ఒక భాగము. ఈ విషయమును మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పరిస్థితులకు అన్వయించి వివరించుట మా ఉద్దేశము.

బోధనాసుపత్రి స్వరూపము

1923లో విశాఖపట్టణమున వైద్య కళాశాల వెలసినది. దానికి అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రి తరతరములుగా ఇచ్ఛాపురము మొదలు సాలూరు వరకు గల పేదలకు పెద్ద దిక్కు. అటుపిమ్మట 2008లో శ్రీకాకుళమునను, 2023లో విజయనగరమునను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. నెల్లిమర్లలోను, రాగోలులోను ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులు కలవు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1వ తేదీన తొలుత మూడు జిల్లాలలో ఆరంభము కాగా, అందు శ్రీకాకుళము ఒకటి. ఈ విధముగా ఆపరేషనుకు డబ్బు అడ్డు కొంత తొలగినది. మాట అడ్డు మాత్రము మిగిలియున్నది.

బోధనాసుపత్రిలో రోగి ఒక్క వైద్యుని చేతిలో ఉండడు. ప్రొఫెసరు, అసిస్టెంటు ప్రొఫెసరు, పీజీ విద్యార్థులు, హౌస్ సర్జన్లు, నర్సులు కలిసి ఒక యూనిట్టుగా పనిచేయుదురు. ఒకే పూటలో నలుగురు వచ్చి ఒకే ప్రశ్న అడుగుటయు, పదిమంది విద్యార్థులు మంచము చుట్టు నిలుచుటయు చూచి, "నా జబ్బు ఏటో ఈళ్ళకే తెల్దేటి?" అని పల్లెటూరి రోగి బెదరుట సహజము. నేర్చువారు ఉండుట లోపము కాదు. సుశ్రుతుడు సైతము శిష్యులచే ముందుగా గుమ్మడి, దోస వంటి కాయలపై కోత అభ్యసింపజేయవలెనని విధించెను. నేర్చువాడు ఎవరో, నేర్పువాడు ఎవరో, చివరి బాధ్యత ఎవరిదో రోగికి తెలిపినచో ఆ బెదురు తీరును.

రోగి భాష

హైదరాబాదులో 1846లో స్థాపింపబడిన వైద్య పాఠశాలలో తొలి దశాబ్దములందు పాశ్చాత్య వైద్యమును ఉర్దూలో బోధించిరి. మత్తువైద్యమున ప్రపంచములోని తొలి మహిళలలో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూంజీ గారు ఆ పాఠశాలలో చదివినవారే. క్లోరోఫారము వలని అపాయములను పరిశీలించుటకు 1888లోను, 1889లోను నియమింపబడిన సంఘములు హైదరాబాదుననే పనిచేసినవి. శాస్త్రమును మన భాషలలో చెప్పలేమనువారికి ఈ చరిత్రయే సమాధానము.

మన ప్రాంతమున తెలుగు, ఉర్దూ, ఒడియాలతో పాటు మన్యములో సవర, కువి మొదలగు భాషలు కలవు. శ్రీకాకుళ ప్రాంతమున జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పుటకై తామే ముందుగా సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. చెప్పువాడు వినువాని భాషకు దిగి రావలెనను ఆ నీతి వైద్యశాలకును వర్తించును. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అను సామెత ఆసుపత్రిలో నిజము కారాదు.

సమ్మతి పత్రము

ఆపరేషనుకు ముందు రోగి సంతకమో, వేలిముద్రయో తీసుకొందురు. దీనిని లాంఛనముగా భావించుట తగదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ విషయమును స్పష్టము చేసినది. పరీక్షకు మాత్రమే ఒప్పుకొనిన ఒక స్త్రీకి, ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భాశయమును తొలగించిరి. ప్రాణాపాయము లేని స్థితిలో, తెలివి గల వయోజనురాలి బదులు మరొకరి సమ్మతి చెల్లదని న్యాయస్థానము నిర్ణయించినది. కావున రోగి నాలుగు సంగతులు అడిగి తెలిసికొనవలెను: ఏ ఆపరేషను చేయుదురు? దాని వలన లాభమేమి? అపాయమేమి? చేయించుకొననిచో ఏమగును? మన ఇండ్లలో స్త్రీల వేలిముద్రకు ముందు భర్తయో, కుమారుడో నిర్ణయము చెప్పివేయుట వాడుక. ఈ వాడుక మారవలెను.

ఆపరేషనుకు ముందు

ఉపవాసము ఎందులకో చాలమందికి తెలియదు. మత్తులో గొంతు కాపుదల సడలును. కడుపులోని ఆహారము పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి జారినచో ప్రాణాపాయము. అందుచే సామాన్యముగా తేలిక ఆహారము ఆరు గంటల ముందు, మాంసము, నూనె వంటకములు ఎనిమిది గంటల ముందు మానవలెను. పాలు ద్రవమే అయినను ఆహారముగానే లెక్క. "ఆకలికి ఆగలేడని చారెడు పాలు పట్టినాము" అను తల్లి ప్రేమ బిడ్డకు కీడు చేయవచ్చును. మంచినీరు మాత్రము వైద్యుడు అనుమతించినచో రెండు గంటల ముందు వరకు త్రాగవచ్చును. ఈ విధముగా ఇది రోజా ఉపవాసమునకు భిన్నమైనది. మధుమేహమునకు, గుండెజబ్బునకు, రక్తము గడ్డకట్టకుండుటకు వాడు మందులన్నింటిని వైద్యునికి చూపవలెను. వానిని తనంతట తాను మానరాదు, మ్రింగరాదు.

పొగాకు సంగతి వేరుగా చెప్పవలసియున్నది. మన తీరప్రాంతమున స్త్రీలు నిప్పు నోటిలోపల ఉంచి చుట్ట త్రాగు 'అడ్డపొగ' ఆచారము ప్రసిద్ధము. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, దీనివలన అంగిట ఏర్పడు వికారములను గూర్చి 1971లో పరిశోధకులు ప్రకటించిరి. అది పుండై, క్యాన్సరై కత్తి వరకు పోవచ్చును. వేరొక ఆపరేషనుకు వచ్చినవారును నాలుగు వారముల ముందే పొగ మానినచో ఊపిరి తేలికపడును, గాయము త్వరగా మానును.

థియేటరులో

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో పందొమ్మిది అంశముల పట్టికను ప్రకటించినది. మత్తునకు ముందు, కోతకు ముందు, రోగి థియేటరు విడుచుటకు ముందు, మూడు మారులు దానిని పైకి చదివి సరిచూచుకొనవలెను. పేరు, అవయవము, ప్రక్క మొదలగునవి అందు ఉండును. ఢిల్లీతో సహా ఎనిమిది నగరములలో దీనిని పరిశీలింపగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవని 2009లో వెల్లడియైనది. ఖర్చు కాగితమంత, ఫలితము ప్రాణమంత. కావున పదేపదే పేరడిగినచో రోగి విసుగుకొనరాదు.

ఆపరేషను తరువాత

"పప్పు తింటే చీము పడుతుంది" అను నమ్మకము మన ఇండ్లలో నేటికిని బలముగా ఉన్నది. ఆ భయముతో చారు మెతుకులతోనే రోగిని వారములు నెట్టుదురు. గాయము పూడుటకు కావలసినది మాంసకృత్తులే. వైద్యుడు ప్రత్యేకముగా వారింపనిచో పప్పు, గ్రుడ్డు, చేప, పాలు తినవలెను. చీము పుట్టునది సూక్ష్మక్రిముల వలన. అట్లే రోజుల తరబడి మంచము దిగనిచో కాళ్ళలో రక్తము గడ్డకట్టును, ఊపిరితిత్తులలో కఫము చేరును. వైద్యుడు చెప్పిన వెంటనే లేచి నడచుట, దీర్ఘముగా ఊపిరి తీయుట మేలు. జ్వరము, కుట్ల చుట్టు ఎరుపు, చీము, పిక్క వాపు, ఆగని వాంతులు కనిపించినచో ఆసుపత్రికి మరల పోవలెను.

ఉద్దానము పాఠము

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలోని మూత్రపిండ వ్యాధికి మూలకారణము ఇదమిత్థమని శాస్త్రము ఇంకను తేల్చలేదు. 2023లో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. డయాలిసిస్ కొరకు చేతి ధమనిని సిరతో కలిపి కుట్టు చిన్న ఆపరేషనును ఫిస్టులా అందురు. 1966లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిన పద్ధతి ఇది. కుట్టుట గంట, రెండు గంటల పని. అది పక్వమగుటకు మాత్రము వారములు పట్టును. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనీయరాదు, సూది గ్రుచ్చనీయరాదు, దానిపై తలపెట్టి నిద్రింపరాదు, బరువులు మోయరాదు. ప్రతిదినము వ్రేళ్ళతో తాకి అందలి కంపనము ఉన్నదో లేదో చూచుకొని, ఆగినచో తక్షణము వైద్యునికి తెలుపవలెను. సర్జను నైపుణ్యము ఎంతటిదైనను ఈ నాలుగు మాటలు తెలియని రోగి చేతిలో ఆ ఫిస్టులా నిలువదు. నిలువనినాడు డయాలిసిస్ దుర్లభమగును.

మన కర్తవ్యము

ఉపాయము కష్టమైనది కాదు. చెప్పిన పిమ్మట "అర్థమైనదా?" అని అడిగినచో రోగి మర్యాదకై తల ఊపును. "ఇంటికి పోయి ఏమి చేస్తావో నాకు చెప్పు" అని అడిగినచో నిజము తెలియును. డిశ్చార్జి కాగితము ఆంగ్లమున ఉండుటచే అది పెట్టె అడుగునకు చేరుచున్నది. దానితోపాటు ఒక పుట తెలుగులోనో, ఉర్దూలోనో ఇచ్చిన యెడల ఇంటిల్లిపాదికి ఉపయోగపడును. రెండు భాషలు వ్రాయనేర్చిన మన కళాశాల విద్యార్థులు, వైద్యుల పర్యవేక్షణలో అట్టి పుటలను సిద్ధపరచి, సెలవులలో వార్డులలో చదివి వినిపింపవచ్చును. కళాశాల కమిటీవారు ఇందుకై సమీపమున ఉన్న బోధనాసుపత్రితో సంప్రదింతురు గాక అని కోరుచున్నాము. కత్తి పట్టు నేర్పు కొందరికే దక్కును. తెలిసిన మాటను తెలియనివానికి అందించు నేర్పు చదువుకొన్న ప్రతి ఒక్కరికి సాధ్యమే.