పేగు క్యాన్సర్ ఆపరేషన్‌కూ నాణ్యత పరీక్ష: క్లినికల్ ఆడిట్ ఎలా పనిచేస్తుంది?

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): భారతీయ రైల్వేలకు పట్టాలు అందించే భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పట్టాలను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించాకే బయటికి పంపుతారు. లోపల దాగిన పగులు ఎప్పుడో, ఎక్కడో దూరాన ప్రమాదం తెచ్చిపెడుతుందన్న సంగతి ఈ ఊరికి కొత్త కాదు. పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ శస్త్రచికిత్సకూ ఇదే వర్తిస్తుంది. కుట్లు మాని రోగి ఇంటికి చేరినంత మాత్రాన చికిత్స ఫలించినట్లు కాదు. మిగిలిపోయిన కణాలు రెండు మూడేళ్ల తర్వాత అదే చోట మళ్లీ కణితిగా మారవచ్చు.

ఇలాంటి లోపాలను గుర్తించే పద్ధతే క్లినికల్ ఆడిట్. పేరులో ఆడిట్ ఉన్నా ఇది డబ్బు లెక్క కాదు. ముందుగా ఒక ప్రమాణాన్ని నిర్ణయించుకుంటారు. వరుసగా చేసిన ఆపరేషన్లన్నింటినీ దానితో పోల్చి, తేడా ఉన్నచోట పద్ధతి మార్చి, కొంతకాలానికి మళ్లీ లెక్కిస్తారు. తరచుగా మరుగున పడేది ఈ చివరి మెట్టే. అది లేకపోతే మిగిలేది అంకెల పట్టిక మాత్రమే.

ఉదాహరణకు, తొలగించిన పేగు భాగంలో కనీసం 12 లింఫ్ గ్రంథులను పరీక్షించాలన్నది అంతర్జాతీయంగా పాటిస్తున్న ప్రమాణం. అంతకన్నా తక్కువ చూస్తే వ్యాధి దశను తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది. ఫలితంగా కీమోథెరపీ అవసరమైన రోగికి అది అందకపోవచ్చు. లోపం ఆపరేషన్ గదిలో ఉందా, పాథాలజీ ల్యాబ్‌లో ఉందా అన్నది ఒక్క కేసుతో తేలదు. యాభై కేసులు వరుసగా చూస్తే తెలుస్తుంది. పురీషనాళ క్యాన్సర్‌లో కణితికీ కోత అంచుకూ మధ్య 1 మిల్లీమీటరు కన్నా ఎక్కువ ఎడం ఉందా, ముందుగా ఎమ్మారై తీశారా అన్నవి కూడా చూస్తారు. పేగు అతుకు వద్ద లీకేజీ, 30 రోజుల్లోపు మరణాలు ఎలాగూ లెక్కలో ఉంటాయి.

ఈ పద్ధతి ఏం సాధించగలదో నార్వే చూపింది. అక్కడ 1986-88 మధ్య చికిత్స పొందిన పురీషనాళ క్యాన్సర్ రోగుల్లో సుమారు 28 శాతం మందికి వ్యాధి అదే చోట తిరగబెట్టినట్లు జాతీయ ఆడిట్‌లో తేలింది. పురీషనాళాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా, ఆ పొర చిరగకుండా తీసే విధానాన్ని బ్రిటన్ సర్జన్ బిల్ హీల్డ్ అప్పటికే, 1982లో, ప్రచురించారు. 1993లో నార్వే ఆ విధానంలో సర్జన్లకు శిక్షణ ఇవ్వడంతో పాటు రోగుల వివరాల నమోదునూ ప్రారంభించింది. ప్రతి ఆసుపత్రికీ దాని ఫలితాలను జాతీయ సగటుతో పోల్చి పంపింది. వ్యాధి తిరగబెట్టడం గణనీయంగా తగ్గింది. నెదర్లాండ్స్ 2009లో ఇలాంటి ఆడిట్‌నే దేశమంతటా చేపట్టింది.

అంకెలను చదవడంలోనూ జాగ్రత్త అవసరం. ఏడాదికి 20 ఆపరేషన్లు చేసే చోట రెండు లీకేజీలంటే 10 శాతం. మరొకటి జరిగితే 15 శాతం. పేగు మూసుకుపోయి అత్యవసరంగా వచ్చిన రోగుల ఫలితాలను, ముందే తేదీ నిర్ణయించుకుని చేసిన ఆపరేషన్లతో నేరుగా పోల్చడం న్యాయం కాదు.

అసలు కష్టం రోగి ఆచూకీ తెలుసుకోవడంలో ఉంది. సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి వంటి టౌన్‌షిప్ ఆసుపత్రులకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. ఉద్యోగులు, వారి కుటుంబాలు ఏళ్ల తరబడి అక్కడికే వస్తారు. అయితే రేడియేషన్ కోసం వేరే నగరానికి వెళ్లినా, పదవీ విరమణ చేసి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో స్థిరపడినా ఆ గొలుసు తెగిపోతుంది. ఆచూకీ లేనివారిని కోలుకున్నవారి జాబితాలో కలిపేస్తే ఫలితాలు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తాయి. అందుకే వారి సంఖ్యను విడిగా చూపాలి.

ఇక్కడ రోగి కుటుంబం చేయగలిగిందీ ఉంది. ఆపరేషన్ నోట్, పాథాలజీ నివేదిక ప్రతులను అడిగి తీసుకుని భద్రపరచుకోవాలి. ఊరు మారితే కొత్త ఫోన్ నంబరును ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తెలియజేయాలి.