పికప్ బండికి అదనపు స్విచ్ బోర్డు

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోను చేశారు. కవిత రాయమంటే మాకు రాదు. మహనీయుల జీవితాల గూర్చి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుచేత మేము చేతులతో చేసిన ఒక పని గూర్చి రాస్తున్నాము. మావయ్య పికప్ బండికి అదనపు స్విచ్ బోర్డు బిగించిన పని అది. పదో తరగతి భౌతికశాస్త్రంలో కరెంటు పాఠం చదివిన వారందరికీ ఇది అర్థమవుతుంది. చదివి మరచిపోయిన వారికి ఇంకా బాగా అర్థమవుతుంది.

మేము అంటే ఇద్దరము. ఇద్దరమూ ఈ హాస్టల్లో ఒకే ట్రంకు పెట్టె మీద పుస్తకాలు పెట్టుకొని చదివినవాళ్ళమే. ఒకరు తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు చేశారు. ఇంకొకరు ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్సు. ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటి మనిషి ఈ రెండోవాడే, ఈ రాత వాడిదే. పని మాత్రం ఎక్కువ మొదటివాడిది అని ముందే ఒప్పుకుంటున్నాము.

మావయ్యది వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం ఊరు. పాత పికప్ ఒకటి అప్పు చేసి కొన్నాడు. తెల్లవారుజామున తీరం నుంచి ఐసు పెట్టెల్లో చేపలు, పగలు జీడిపిక్కల బస్తాలు, ఎండాకాలంలో ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు. ఇవి కాక వారంలో కొన్ని రోజులు మా వీధి పెద్దాయన ఒకరిని డయాలసిస్‌కు పలాస తీసుకువెళ్ళి తీసుకువస్తాడు. డ్రైవరు పక్క సీటులో దిండు వేసి కూర్చోబెడతాడు. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైన సంగతి మనవాళ్ళందరికీ తెలిసిందే. ఆసుపత్రి దగ్గరికి వచ్చింది గాని, ఊరి నుంచి అక్కడికి చేరే దారి మనిషే చూసుకోవాలి గదా.

ఒక రాత్రి పెద్దాయనను తిరిగి తీసుకువస్తుండగా, కొబ్బరి తోటల మధ్య రోడ్డు మీద, డ్యాష్‌బోర్డు కింద నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. మావయ్య చెయ్యి పెట్టి చూసేలోపు లైట్లు అన్నీ ఆరిపోయాయి. అదనంగా పెట్టించుకున్న ముందు లైట్లే కాదు, బండితో వచ్చిన హెడ్‌లైట్లు కూడా. నాలుగు గంటలు మిషను మీద ఉండి వచ్చిన మనిషి, నిలబడే ఓపిక కూడా లేనివాడు, చీకట్లో కూర్చొని ఉన్నాడు. ఫోను టార్చి వెలుగులో బండిని నెమ్మదిగా నడిపి ఊరు చేర్చాడు మావయ్య. మరునాడు మమ్మల్ని పిలిచి ఒకే మాట అడిగాడు.

"సదువుకున్నోలు కదా, లైటెందుకారిపోనాదో సెప్పనేరేటి?"

బోనెట్ లేపి చూస్తే చెప్పడం కష్టం కాలేదు. ఆ అదనపు లైట్లను అంతకుముందు ఒక షాపులో బిగించారు. షాపు పేరు మనకు వద్దు. హెడ్‌లైటు వైరును మధ్యలో గీకి, దానికి మరో వైరు చుట్టి, పైన టేపు వేసి, అక్కడి నుంచి కొత్త లైట్లకు కరెంటు తీశారు. ఆ వైరు ఇళ్ళలో వేసే ఒంటి తీగ రకం. బండి అదురుకు ఒంటి తీగ లోపలే విరుగుతుంది, అందుకే బండ్లకు సన్న పోగులు చాలా ఉన్న మెత్తని వైరు వాడతారు. దారిలో ఎక్కడా ఫ్యూజు లేదు. ఇంజను గోడ రంధ్రం దగ్గర ఇనుప అంచుకు రాసుకొని వైరు తొడుగు చిరిగి, రాగి బాడీకి తగిలింది. అంతే.

ఇక్కడ మన హాస్టలు జ్ఞాపకం ఒకటి చెప్పాలి. చలికాలం ఉదయాన స్నానాల గది దగ్గర ఎవరో బకెట్లో హీటరు కాయిలు పెట్టేవారు, కిట్‌క్యాట్ ఫ్యూజు ఎగిరిపోయేది. ఒకసారి విసుగొచ్చి మేమే సన్న తీగకు బదులు కొబ్బరి చెట్టు దగ్గర దొరికిన లావు తీగ ముక్క కట్టాము. ఆ తరువాత ఫ్యూజు పోలేదు. ఎంత తెలివి అనుకున్నాము! వారం తరువాత స్విచ్ బోర్డే నల్లగా కాలింది. ఫ్యూజు అంటే కావాలని పెట్టిన బలహీనమైన లింకు. ఎక్కువ కరెంటు వస్తే గోడలో వైరు కాలేకన్నా ముందు తాను కరిగిపోవాలి. దాని పని చచ్చిపోవడమే. ఆ పని చెయ్యనివ్వకపోతే దాని బదులు ఇంకేదో కాలుతుంది.

పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు కదా, ఇంత భయమెందుకు అని మావయ్య అన్నాడు. చాలామంది అనే మాటే ఇది. షాకు కొట్టదు, నిజమే. కాని బండిని కాల్చేది వోల్టులు కాదు, ఆంపియర్లు. సెల్ఫ్ తిప్పడానికి వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ అది. ప్లస్ వైరు నేరుగా బాడీకి తగిలితే అదే బలమంతా ఆ సన్న వైరులో పరుగెత్తుతుంది. వైరు ఎర్రగా కాలి, పక్కనున్న వైర్ల తొడుగులను కూడా కరిగిస్తుంది. ఆ రాత్రి హెడ్‌లైట్లు కూడా పోవడానికి కారణం ఇదే. రెండూ ఒకే వైరు మీద బతుకుతున్నాయి.

ఇప్పుడు లెక్క. ఒక హాలోజెన్ లైటు 55 వాట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 55ను 12తో భాగిస్తే సుమారు 4.6. రెండు లైట్లకు 9.2 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి లైటు దాకా వైరు ఐదు మీటర్లు అనుకుందాము. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు మీటరుకు సుమారు 0.0175 ఓము, ఐదు మీటర్లకు 0.0875. దీనిని 9.2తో గుణిస్తే 0.8 వోల్టు దారిలోనే పోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.32 వోల్టు మాత్రమే. 0.8 వోల్టు పోతే ఏమయింది అనకండి. హాలోజెన్ దీపంలో వోల్టేజి కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. మా లెక్కన వైరు వల్లే ఐదో వంతు వెలుగు తగ్గిపోతోంది. డబ్బు పెట్టి లైటు కొని, వైరు దగ్గర పొదుపు చేసి, వెలుగును వైరుకు తినిపించడం ఇది.

ఇక రిలే. డ్యాష్‌బోర్డు మీద చిన్న స్విచ్చు గుండా 9 ఆంపియర్లు పోనిస్తే దాని లోపలి రేకులు కొన్నాళ్ళకు కాలిపోతాయి. అందుకని స్విచ్చుకు చిన్న పని, రిలేకు పెద్ద పని ఇస్తాము. రిలేలో ఒక తీగచుట్ట ఉంటుంది. స్విచ్చు వేస్తే దాని గుండా 0.15 ఆంపియరు ప్రాంతం పారుతుంది, అది అయస్కాంతమై ఒక రేకును లాగుతుంది, ఆ రేకు పెద్ద కరెంటు దారిని కలుపుతుంది. కాళ్ళ మీద అంకెలుంటాయి. 85, 86 చుట్టకు. 30 బ్యాటరీ వైపు. 87 లైటు వైపు. ఇవి జర్మనీ ప్రమాణం నుంచి వచ్చిన అంకెలు, కాశీబుగ్గలో కొన్న రిలే మీదా అవే ఉంటాయి. వార్డెను గారు ఒక్క కేక వేస్తే అందరమూ వరుసలో నిలబడేవాళ్ళము కదా, రిలే కథ అంతే.

మేము వేసిన ఏర్పాటు ఇది. ముందు రెండు లైట్లు, వెనుక తొట్టిలో 18 వాట్ల ఎల్.ఇ.డి. లైటు ఒకటి, క్యాబిన్‌లో చిన్న ఫ్యాను, ఫోను ఛార్జింగు సాకెట్టు. అన్నీ కలిపితే 14 ఆంపియర్ల ప్రాంతం. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరం దాటకుండా, 30 ఆంపియర్ల పెద్ద ఫ్యూజు. అది ఎంత దూరమైతే అంత వైరుకు కాపలా లేనట్టే. అక్కడి నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఫ్యూజుల పెట్టెకు. పెట్టెలో ముందు లైట్లకు 15, మిగతా వాటికి 5 చొప్పున. రేకు ఫ్యూజులకు రంగులుంటాయి: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. మావయ్యకు ఇంగ్లీషు అంకెలు కన్నా రంగులే సులువు. నీలం పోతే నీలమే పెట్టు, చేతిలో ఆకుపచ్చ ఉంది కదా అని పెట్టకు అని చెప్పాము.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పాలి, ప్లస్ కాదు. మేము కూడా మొదట ప్లస్ మీదికి పానా తీసుకువెళ్ళాము, ఐ.టి.ఐ. మిత్రుడు చెయ్యి పట్టుకున్నాడు. ప్లస్ విప్పుతుండగా పానా రెండో కొస బాడీకి తగిలితే పానాయే షార్టు. మైనస్ ముందు తీసేస్తే ఇక దారి లేదు. బిగించేటప్పుడు మైనస్ చివర.

ఇంజను గోడలో రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. ఆ రోజు బండిని ఆపింది ఈ చిన్న రబ్బరు ఉంగరం లేకపోవడమే. వైర్లను ముడతల గొట్టంలో పెట్టి, సైలెన్సరు వేడికి, స్టీరింగు రాడ్డుకు దూరంగా, జానెడుకొక చోట కట్టాము. లైట్ల దగ్గర వైరును కాస్త కిందికి వంచి మళ్ళీ పైకి తీశాము, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

ఎర్తు విషయం మన తీరంలో ప్రత్యేకం. బండిలో మైనస్‌కు వేరే వైరు లేకుండా బాడీనే వాడుకుంటారు. రంగు మీద బోల్టు బిగిస్తే ఎర్తు కాదు, రంగు గీకి మెరిసే ఇనుము కనబడాలి. నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి, చేపల నీళ్ళు కారుతూ తిరిగే బండికి ఆ మెరుపు నెల రోజులు నిలవదు, తుప్పు పడుతుంది. తుప్పు అంటే అడ్డు, అడ్డు అంటే వేడి. బోల్టు బిగించాక దాని మీద వాజిలీన్ దట్టంగా పూశాము. టెక్కలి రాతి క్వారీల దగ్గర తిరిగే బండ్లకు దుమ్ము బాధ. మనకు ఉప్పు బాధ.

అంతా అయ్యాక గర్వంగా ఇంటికి వెళ్ళాము. మూడో రోజు తెల్లవారుజామున మావయ్య ఫోను. పడవలు వచ్చేదాకా తీరంలో బండి ఆపి, ఇంజను ఆపి, ముందు లైట్లు వేసి ఉంచాడట, ఐదు గంటలు. 9.2ను ఐదుతో గుణిస్తే 46. బ్యాటరీ మీద రాసి ఉన్నది 75 ఆంపియర్ అవర్లు, అదీ పాత బ్యాటరీ. సెల్ఫ్ తీసుకోలేదు. ఇసుకలో నలుగురు తోసినా కదలలేదు, ఆ రోజు చేపల బాడుగ వేరే బండికి పోయింది. ఆ తప్పు పూర్తిగా మాదే. ముందు లైట్లు, ఫ్యాను తాళం చెవితో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చాము. మళ్ళీ విప్పి, ఆ రెండు రిలేల చుట్టలకు కరెంటు తాళం చెవి తిప్పితేనే వచ్చే వైరు నుంచి ఇచ్చాము. ఇప్పుడు చెవి తీస్తే అవి ఆరిపోతాయి. పోయిన బాడుగ మేము ఇస్తామంటే మావయ్య తీసుకోలేదు, కోపంగా కూడా చూడలేదు. అది ఇంకా బాధ.

వెనుక ఎల్.ఇ.డి. లైటు, ఫోను సాకెట్టు మాత్రం నేరుగానే ఉంచాము. కారణం 2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు. మేము అప్పుడు ఇంటరు మొదటి సంవత్సరం. జీడి, కొబ్బరి తోటలు పడిపోవడం, కరెంటు స్తంభాలు వంగిపోవడం మీలో చాలామంది చూసినవారే. రోజుల తరబడి కరెంటు లేదు. విశాఖలో, హైదరాబాదులో ఉన్న మన పిల్లలకు బతికే ఉన్నామని చెప్పడానికి ఫోనుల్లో ఛార్జింగు లేదు. ఒక ట్రాక్టరు బ్యాటరీ చుట్టూ ఊరంతా కూర్చొని వంతులవారీగా ఫోనులు ఎక్కించుకున్నాము. 18 వాట్ల లైటుకు ఆంపియరున్నర. పది గంటలు వెలిగినా 15 ఆంపియర్ అవర్లే, బండి మళ్ళీ స్టార్టు అవుతుంది.

రెండు జాగ్రత్తలు. లారీలకు 24 వోల్టులు, పికప్‌లకు 12. లారీ సామాన్ల దుకాణంలో చవకగా వచ్చిందని 24 వోల్టుల బల్బు తెస్తే మిణుగురు పురుగులా వెలుగుతుంది. రెండోది, వెనుక తెల్ల లైటు రోడ్డు మీద నడుస్తుండగా వెయ్యకూడదు, వెనుక వచ్చేవారి కళ్ళు చెదురుతాయి. జాతీయ రహదారి ఎక్కగానే ఎదురు బండి వస్తే ముందు అదనపు లైట్లు కూడా ఆర్పాలి. కొత్త బండి ఉన్నవారు వారంటీ కాగితం చదివాకే వైరింగు ముట్టుకోండి.

స్విచ్చుల మీద ఇంగ్లీషు గుర్తులు ఉన్నాయి. మావయ్య వాటి కింద తెల్ల పెయింటుతో తన చేత్తో రాసుకున్నాడు: ముందల, ఎనక, పోను, పేను. పెద్దాయన ఆ రాత చదివి, ఎక్కగానే "పేను" స్విచ్చు తానే వేసుకుంటున్నాడు.

మొన్న ఊళ్ళో పెళ్ళికి డీజే పెట్టెకు ఈ బోర్డు నుంచి కరెంటు ఇస్తావా అని ఎవరో అడిగారట. మావయ్య పెట్టె వెనక్కి వెళ్ళి చీటీ చూశాడు, వెయ్యి వాట్లు. నోటితోనే పన్నెండుతో భాగించాడు. "ఎనబైమూడు. నాకాడున్నది ముప్పైయే బాబూ, జనరేటరు తెచ్చుకోండి" అన్నాడు. ఆ పెళ్ళికి వచ్చిన మరో పికప్ అతను బోర్డు చూసి తనకూ కావాలన్నాడు. వచ్చే ఆదివారం ఆ బండి పని ఉంది, గ్రోమెట్లు ఈసారి నాలుగు ఎక్కువ కొనాలి.