జీసీఎస్‌ఈ ఎంపికలో ఆర్ట్‌కు చోటెక్కడ?

ఇంగ్లండ్‌లో బడి పిల్లలు ఇయర్ 9లో, అంటే పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, జీసీఎస్‌ఈ పరీక్షలకు ఏయే సబ్జెక్టులు చదవాలో తేల్చుకోవాలి. చాలా బళ్లలో ఇది జనవరి, మార్చి నెలల మధ్య జరుగుతుంది. బడివాళ్లు ఒక సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచి, సబ్జెక్టుల వివరాల పుస్తకం చేతికిచ్చి, కొద్ది వారాల్లో ఫారం నింపి ఇమ్మంటారు. పరీక్షలు ఇయర్ 11 చివర, పదహారేళ్ల వయసులో వస్తాయి. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు కాబట్టి ఇక్కడి వివరాలన్నీ ఇంగ్లండ్‌కే వర్తిస్తాయి.

ఫారం మీద కనిపించేది పూర్తి చదువు కాదు, అందులో కొంత భాగమే. గణితం, ఇంగ్లిష్ భాష, ఇంగ్లిష్ సాహిత్యం, సైన్సు దాదాపు ప్రతి బడిలోనూ అందరూ చదవాల్సినవే. సైన్సులో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడూ ఉంటాయి. వాటిని రెండు జీసీఎస్‌ఈలకు సమానమైన కంబైన్డ్ సైన్స్‌గా గానీ, విడివిడిగా మూడు జీసీఎస్‌ఈలుగా గానీ చదువుతారు. ఈ రెండోదాన్నే ట్రిపుల్ సైన్స్ అంటారు. ఇవి పోగా మిగిలిన మూడు నాలుగు స్థానాలే పిల్లల చేతిలో ఉంటాయి. హిస్టరీ, జాగ్రఫీ, ఫ్రెంచ్, స్పానిష్, కంప్యూటర్ సైన్స్ ఒక వైపు, ఆర్ట్, మ్యూజిక్, డ్రామా, డాన్స్, డిజైన్ అండ్ టెక్నాలజీ మరోవైపు ఈ కొద్ది చోటు కోసమే పోటీపడతాయి.

ఉద్యోగాల కోసం ఇంగ్లండ్ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ ఫారం పెద్ద గుబులే పుట్టిస్తుంది. అందుకు కారణం ఆ తల్లిదండ్రులు చదువుకున్న తీరులోనే ఉంది. పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే డాక్టరు చదువు ఆశ వదులుకున్నట్టే, బైపీసీ తీసుకుంటే ఇంజినీరింగ్ పోయినట్టే. గ్రూపు ఒక్కటి మారితే దారే మారిపోయే పద్ధతిలో పెరిగినవారికి, పద్నాలుగేళ్ల అమ్మాయి ఆర్ట్ అని రాయగానే సైన్సు వైపు తలుపులన్నీ మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. కానీ జీసీఎస్‌ఈ దశలో అలాంటి చీలిక లేదు. ఆర్ట్ తీసుకున్న పిల్లా గణితం చదువుతుంది, మూడు సైన్సులూ చదువుతుంది. అసలు చీలిక రెండేళ్ల తర్వాత, ఇంటర్ స్థాయి చదువైన ఏ లెవెల్స్‌కు మూడు సబ్జెక్టులే ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు వస్తుంది. ఇంటర్ గ్రూపుతో పోల్చాల్సింది ఆ ఎంపికనే.

వైద్యవిద్యకు ప్రధానంగా కావలసింది ఏ లెవెల్‌లో కెమిస్ట్రీ, ఎక్కువ చోట్ల దానితోపాటు బయాలజీ. ఇంజినీరింగ్‌కు మాథ్స్, చాలా శాఖలకు ఫిజిక్స్ కూడా కావాలి. కంబైన్డ్ సైన్స్‌లో మంచి గ్రేడ్లు వచ్చినవారిని ఏ లెవెల్ సైన్సుకు తీసుకోవడం మామూలే. ట్రిపుల్ చదివినవారికి మొదటి కొన్ని నెలలు కాస్త తేలికగా గడుస్తాయి, అంతే తేడా. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న తల్లిదండ్రులు కంప్యూటర్ సైన్స్ జీసీఎస్‌ఈ తప్పనిసరి అనుకుంటారు గానీ, ఆ డిగ్రీకి పేరున్న విశ్వవిద్యాలయాలు ముందుగా చూసేది ఏ లెవెల్ మాథ్స్.

వెనక్కి తిరిగి రావడం కష్టమయ్యేది నిజానికి కళలు, భాషల వైపు. లా, ఎకనామిక్స్, సైకాలజీ వంటివి పదహారేళ్లకు కొత్తగా మొదలుపెట్టవచ్చు. జీసీఎస్‌ఈలో చదవకపోయినా ఏ లెవెల్‌కు చేర్చుకుంటారు. ఆర్ట్, మ్యూజిక్, ఫ్రెంచ్ వంటివాటికి మాత్రం అంతకుముందు చదివి ఉండాలనో, చేసిన పని చూపించాలనో ఎక్కువ కాలేజీలు అడుగుతాయి. పద్నాలుగేళ్లకు వదిలేసిన ఆర్ట్‌ను పదహారేళ్లకు అందుకోవడం అంత సులువు కాదు. ఇంట్లో చర్చ తరచూ సైన్సు ఏమవుతుందోనన్న భయం చుట్టూ తిరుగుతుంది, నిజంగా చేజారే అవకాశం ఉన్నదాని ఊసే రాదు.

బళ్లు హిస్టరీ, జాగ్రఫీ, భాషల వైపు మొగ్గడం వెనక కొంత చరిత్ర ఉంది. 2010లో మైకేల్ గోవ్ విద్యామంత్రిగా ఉండగా ఇంగ్లిష్ బాకలారియట్ అనే కొలమానం వచ్చింది. పొట్టిగా ఈబ్యాక్ అంటారు. ఇంగ్లిష్, గణితం, సైన్సు, హిస్టరీ లేదా జాగ్రఫీ, ఒక భాష ఇందులో భాగం. కళల సబ్జెక్టులకు చోటు లేదు. ఈ పేరుతో విద్యార్థికి చేతికొచ్చే సర్టిఫికెట్ ఏదీ లేదు, ఇది బడి పనితీరును కొలిచే లెక్క మాత్రమే. 2025 నాటికి 90 శాతం పిల్లలు ఈ కూర్పు చదవాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2016 నుంచి వచ్చిన, బడి పనితీరును కొలిచే ప్రోగ్రెస్ 8 లెక్కలోనూ ఈబ్యాక్ సబ్జెక్టులకు ప్రత్యేక స్థానాలు కేటాయించారు. ఈ ఒత్తిడి సాగిన ఏళ్లలో డ్రామా, మ్యూజిక్, డిజైన్ అండ్ టెక్నాలజీ రాసేవారు బాగా తగ్గారు. చివరికి 2025 నవంబరులో, బెకీ ఫ్రాన్సిస్ ఆధ్వర్యంలో జరిగిన పాఠ్యప్రణాళిక సమీక్ష సూచన మేరకు, ఈబ్యాక్ కొలమానాన్ని ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఇలాంటిదే మరో జాబితా. పేరున్న 24 విశ్వవిద్యాలయాల సమూహమైన రసెల్ గ్రూప్ 2011లో విడుదల చేసిన మార్గదర్శినిలో కొన్ని ఏ లెవెల్ సబ్జెక్టులను ఎక్కువ కోర్సులకు పనికొచ్చేవిగా పేర్కొంది. ఆర్ట్, మ్యూజిక్, డ్రామా అందులో లేవు. దాంతో వాటికి విలువ లేదన్న అర్థం జనంలో పాకింది. 2019లో రసెల్ గ్రూప్ ఆ జాబితానే తీసేసింది. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో దాని నీడ పోలేదు.

తలుపుల భయం తీరాక అసలు చూడాల్సింది ఒకటి ఉంది. ఆ సబ్జెక్టులో రోజువారీ పని ఎలా ఉంటుంది, మార్కులు దేనికి ఇస్తారు? హిస్టరీ మొత్తం పరీక్ష హాల్లో రాసే పేపర్లే. ఆర్ట్ అండ్ డిజైన్‌లో రాతపరీక్షే లేదు. రెండేళ్ల పొడవునా తయారుచేసిన పోర్ట్‌ఫోలియోకు 60 శాతం, పరీక్షల బోర్డు ఇచ్చిన అంశం మీద చేసే పనికి 40 శాతం మార్కులు. ఆ అంశాల పత్రం చివరి ఏడాది జనవరిలో వస్తుంది. వారాల తరబడి సన్నాహం చేసి, ఆఖరున పది గంటలు పర్యవేక్షణలో కూర్చుని పూర్తిచేయాలి.

పోర్ట్‌ఫోలియో అంటే అందమైన బొమ్మల కట్ట అనుకుంటే పొరపాటు. ఒక అమ్మాయి తుప్పు అనే విషయం తీసుకుందనుకుందాం. పాత ఇనుప గేటును పొద్దునా సాయంత్రమూ వేర్వేరు వెలుతురులో ఫోటోలు తీస్తుంది. గేటు మీద కాగితం పరిచి మైనపు క్రేయాన్‌తో రుద్ది ఆ గరుకుదనాన్ని కాగితానికి ఎక్కిస్తుంది. అలాంటి ఉపరితలాలతో పనిచేసిన ఒక చిత్రకారుడి పద్ధతిని గమనించి తన మాటల్లో రాస్తుంది. లినోలియం పలక చెక్కి ముద్ర వేస్తుంది. రంగు ఎక్కువై ముద్ర అలుక్కుపోతే, దాన్ని పారేయకుండా స్కెచ్‌బుక్‌లో అంటించి, ఎందుకు చెడిందో పక్కన రాసి, మళ్లీ వేస్తుంది. ఆలోచనను పెంచుకుంటూ పోవడం, సామగ్రితో ప్రయోగాలు చేసి మెరుగుపరచడం, చూసినదాన్ని నమోదుచేయడం, చివరి రూపం ఇవ్వడం అనే నాలుగింటికీ సమానంగా మార్కులు ఉంటాయి. చెడిన ముద్రకూ లెక్కలో చోటుందన్నమాట. బొమ్మలు చక్కగా వేస్తూ, అడుగడుగునా రాసుకునే ఓపిక లేని పిల్లలకు ఇక్కడ నిరాశే మిగులుతుంది. గొప్పగా గీయలేకపోయినా పట్టు వదలనివారు బాగా నెగ్గుకొస్తారు. ఆర్ట్‌ను ఊపిరి పీల్చుకునే సబ్జెక్టుగా తీసుకున్నవారికి మొదటి ఏడాదిలోనే సంగతి అర్థమవుతుంది.

తెలుగు ఇళ్లలో కర్ణాటక సంగీతమో కూచిపూడో నేర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. వీరి విషయంలో మ్యూజిక్, డాన్స్ ఒకేలా ఉండవు. ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు మ్యూజిక్‌లో ప్రదర్శనకు 30 శాతం, సొంత రచనలకు 30 శాతం, విని రాసే పరీక్షకు 40 శాతం. ప్రదర్శన ఏ సంప్రదాయంలోనైనా ఇవ్వవచ్చు కాబట్టి వీణ వాయించే అమ్మాయి వీణే వాయించవచ్చు. అయితే ఇతరులతో కలిసి చేసే ప్రదర్శన కూడా అందులో ఉండాలి. రాతపరీక్షలో పాశ్చాత్య స్వరలిపి చదవాలి, అది కొత్తగా నేర్చుకోవాల్సిందే. డాన్స్‌లో మాత్రం బోర్డు ముందే కూర్చిన కదలికల వరుసలు చేసి చూపాలి. అవి ఆధునిక పాశ్చాత్య నృత్య శైలిలో ఉంటాయి. ఏళ్లుగా కూచిపూడి నేర్చుకున్నారు గనక డాన్స్‌లో మార్కులు వాటంతటవే వస్తాయని అనుకోవడం సరికాదు. ఆ సాధన సొంతంగా నృత్యం కూర్చే భాగంలో అక్కరకొస్తుంది.

డ్రామాలో సిగ్గు ఒక్కటే అడ్డంకి కాదు. ఏక్యూఏలో రాతపేపరుకే 40 శాతం ఉంది. మరో 40 శాతం బృందంగా కొత్త నాటకం కూర్చి, ఆ ప్రక్రియను నమోదు చేయడానికి. బృందంలో ఒకరు తరచూ బడి మానేస్తే మిగతావారి సాధన కుంటుపడుతుంది. డిజైన్ అండ్ టెక్నాలజీలో సగం మార్కులు వస్తువు తయారీ ప్రాజెక్టువి, సగం రాతపరీక్షవి. ఇంజినీరింగ్ వైపు మొగ్గే పిల్లలకు ఇది చాలా మంచి సబ్జెక్టు. కానీ తెలుగు కుటుంబాలు దీన్ని వడ్రంగం కింద కొట్టిపారేయడం విచారకరం.

కోర్స్‌వర్క్ ఉన్న సబ్జెక్టులు రెండు మూడు ఒకేసారి తీసుకుంటే, ఇయర్ 11లో క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా గడువులన్నీ మీద పడతాయి. అదే సమయంలో గణితం, సైన్సు మాక్ పరీక్షలు కూడా ఉంటాయి. అందుకే ఎక్కువమందికి ఒక సృజనాత్మక సబ్జెక్టు, ఒక హ్యుమానిటీస్ సబ్జెక్టు, వీలైతే ఒక భాష సరిపడే కూర్పు. ఆర్ట్ కాలేజీయే గమ్యమని గట్టిగా అనుకునేవారు రెండు తీసుకున్నా తప్పులేదు. దాదాపు ఏ గమ్యం ఉన్నవారికైనా గణితంలోనూ ఇంగ్లిష్‌లోనూ కనీసం పాస్‌గా లెక్కించే గ్రేడ్ 4 కావాలి. అది రాకపోతే పదహారేళ్ల తర్వాత కూడా ఆ సబ్జెక్టు చదువుతూనే ఉండాలి.

ఇంట్లో మాట్లాడేటప్పుడు ఏమవుదామనుకుంటున్నావన్న ప్రశ్న అంతగా పనిచేయదు. పద్నాలుగేళ్ల పిల్లలకు దానికి జవాబు తెలియకపోవడమే సహజం. ఎవరూ చెప్పకుండా ఏ హోంవర్క్ ముందు తీస్తారు, ఏ పనిలో తప్పు వస్తే మళ్లీ మొదలుపెడతారు, ఆ సబ్జెక్టు నచ్చిందా లేక టీచరు నచ్చారా అన్నవి తేలితే చాలు. టీచరు వచ్చే ఏడాది మారిపోవచ్చు, స్నేహితురాలు వేరే సెట్‌లో పడవచ్చు. ఇయర్ 10 విద్యార్థుల స్కెచ్‌బుక్కులు, డ్రామా లాగ్‌లు చూపించమని బడిని అడిగితే సాధారణంగా కాదనరు. నాలుగు పేజీలు తిరగేస్తే వివరాల పుస్తకం చెప్పనిది తెలుస్తుంది.

కోరినవన్నీ దొరుకుతాయన్న హామీ లేదు. సబ్జెక్టులను బ్లాకులుగా విడగొడతారు కాబట్టి, ఆర్ట్, హిస్టరీ ఒకే బ్లాకులో పడితే ఒకటి వదులుకోక తప్పదు. ఫారంలో అదనపు ఎంపికగా రాసిన సబ్జెక్టే చివరికి చేతికి రావచ్చు గనక దాన్నీ ఆలోచించే రాయాలి. ఇయర్ 10 మొదలైన తొలి వారాల్లో, ఖాళీ ఉంటే, చాలా బళ్లు సబ్జెక్టు మార్చుకోనిస్తాయి. ఆ తర్వాత తప్పిపోయిన పాఠాలు, కోర్స్‌వర్క్ పూడ్చడం కష్టం కాబట్టి ఒప్పుకోవు. సెప్టెంబరు ముగిసేలోపే పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఎలా ఉందో అడిగి తెలుసుకోవాలి.