ఏ పరికరం ఎక్కడుంది?



2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటి రోజు ఆఫీసులోని కంప్యూటర్లలో ముందు ఏది మేడ మీదికి చేర్చాలి? అందరి రికార్డులూ ఉన్న సర్వర్ ఏది?

ఈ జవాబులు ముందే సిద్ధంగా ఉంచేదే పరికరాల నమోదు సాఫ్ట్‌వేర్. డేటా సెంటర్లలో నెట్‌బాక్స్ వంటివి ఏ ర్యాక్‌లో ఎన్నో అరలో ఏ సర్వర్ ఉందో, ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో చూపిస్తాయి. ర్యాక్‌లో సాధారణంగా 42 అరలు, ఒక్కోటి 1.75 అంగుళాలు. కాబట్టి కొత్తది కొనకముందే చోటు సరిపోతుందో లేదో తెలుస్తుంది. వస్తువు కదిలిన రోజే ఎంట్రీ మార్చాలి, లేదంటే ఆ లిస్టు ఉన్నా లేనట్టే. దాని కాపీ ఇంకో చోట కూడా ఉండాలి.

ఈ ఆదివారం మీ పిల్లలతో ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్, ఇన్వర్టర్‌ల సీరియల్ నంబరు, కొన్న తేదీ, వారంటీ రాయించండి.