గుంటలో పుట్టి మట్టిలో బతికే కప్పలు

మృగశిర కార్తె వచ్చాక మొదటి పెద్ద వాన పడిన రాత్రి వరంగల్ చుట్టుపక్కల చెలకల్లో ఉసిళ్లు లేస్తాయి. దీపం కింద నీళ్ల గిన్నె పెట్టి జనం వాటిని పట్టే వేళకే, అదే విందుకు మట్టిలోంచి ఇంకో ప్రాణి పైకి వస్తుంది. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు, ఉందో లేదో తెలియనంత చిన్న నోరు. అదే బెలూన్ కప్ప. ఏడాదిలో ఎక్కువ భాగం నేల లోపలే గడిపి, వానాకాలంలో కొన్ని రాత్రులే బయట తిరుగుతుంది. బెదిరిస్తే గాలి నింపుకుని బంతిలా ఉబ్బుతుంది.

అది నేలలోకి దిగే తీరు చూసి తీరాలి. వెనక పాదాల అడుగున గట్టి బొడిపెలుంటాయి. వాటితో మట్టిని అటూ ఇటూ తోసుకుంటూ, కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కి కుంగిపోతుంది. చివరగా మొహం కూడా మట్టిలో కలిసిపోతుంది. చూస్తుండగానే అక్కడ కప్ప ఉన్న ఆనవాలు ఉండదు.

ఇది మైక్రోహైలిడే కుటుంబానికి చెందినది. సన్ననోటి కప్పలన్నమాట. చీమలు, చెదలే వీటిలో చాలావాటికి ప్రధాన ఆహారం, అందుకు పెద్ద నోరు అక్కర్లేదు. ప్రపంచంలో 700కు పైగా జాతులున్న ఈ కుటుంబంలో వింతలకు కొదవ లేదు. పాపువా న్యూగినీలో ఆకుల చెత్త కింద బతికే ఒక కప్ప పొడవు సగటున 7.7 మిల్లీమీటర్లు. 2012లో దాన్ని లోకానికి పరిచయం చేసినప్పుడు వెన్నెముక ఉన్న జంతువుల్లో అదే అతి చిన్నదన్నారు. మన వైపు దొరికే ఎర్ర సన్ననోటి కప్పకు 1853లో శాస్త్రీయ నామం పెట్టినవాడు జెర్డన్. నెల్లూరులో వైద్యాధికారిగా ఉండగా యానాదులను అడిగి ప్రకృతి సంగతులు తెలుసుకున్న దొర ఈయనే.

మన పొలాల్లో ఈ కుటుంబం నుంచి ఎక్కువగా కనిపించేది రెండున్నర సెంటీమీటర్లు కూడా దాటని బుల్లి కప్ప, మైక్రోహైలా ఆర్నేటా. ఒంటికి మించిన గొంతు దానిది. గుడ్లు నీటి మీద పలచటి పొరగా పరుచుకుని, ఒకటి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. తోకకప్పలకు నాచు గీకే పళ్లుండవు. నీళ్లను నోట్లోకి లాగి, అందులో తేలే సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటాయి. గుంట ఎండేలోగా, అంటే కొన్ని వారాల్లోనే, కాళ్లు తెచ్చుకుని గట్టెక్కాలి.

పాకాల, రామప్ప, లక్నవరం అంటూ కాకతీయుల చెరువుల గురించి గర్వంగా చెప్పుకునే నేల ఇది. చెప్పుకోవలసిందే. కానీ ఈ కప్పలకు పెద్ద చెరువు కన్నా ఎండిపోయే గుంటే మేలు, ఎందుకంటే ఎండే గుంటలో తోకకప్పలను మింగే చేపలుండవు. బండి జాడలో నిలిచిన నీళ్లు, చెలక మూలన పల్లం, ఇటుక బట్టీ తవ్విన గొయ్యి. ఏ లెక్కలోకీ రాని ఈ నీళ్లే వాటి పురుడు పోసే చోట్లు. ప్లాటు వేసేవాడు ముందుగా పూడ్చేదీ వీటినే.

వరంగల్ జాతులు ఇప్పటికి ప్రమాదం లేనివాటి జాబితాలోనే ఉన్నాయి. వాటి దాయాదుల సంగతి అలా లేదు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో దొరికి, అక్కడి సోలిగ గిరిజనుల పేరు పెట్టుకున్న మైక్రోహైలా షోలిగారి అంతరించే ముప్పున్న జాతి. మణిపాల్ పరిసరాల్లో లేటరైట్ బండల మీద దొరికిన ఇంకో బుల్లి కప్పకు 2016లో ఆ రాతి పేరే పెట్టారు. బంజరని కొట్టిపారేసే ఆ నేల మీద జనం చూపు పడాలన్నది పేరు పెట్టినవాళ్ల ఉద్దేశం. 2019లో వయనాడ్‌లో పరిశోధకులు సోనాలి గార్గ్, ఎస్.డి. బిజు పరిచయం చేసిన కప్పదైతే కొత్త ప్రజాతే. అది దొరికింది రోడ్డు పక్క వాననీటి గుంటలో. ఏడాదికి నాలుగు రోజులైనా కనిపించదట. ఆ రోడ్డును వెడల్పు చేస్తే ఏమిటి గతి? మొత్తంగా ఉభయచరాల్లో దాదాపు 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయని 2023లో నేచర్ పత్రిక ప్రచురించిన అంచనా చెప్పింది.

పత్తి నేలలో ఈ కప్పలకు ఇంకో బెడద ఉంది. 1997–98లో లద్దె పురుగు పడి, మందు మీద మందు కొట్టి అప్పుల పాలైన వరంగల్ రైతుల కథ అందరికీ తెలుసు. ఆ మందు పురుగు దగ్గరే ఆగదు, వానతో గుంటలోకీ దిగుతుంది. పెంకు లేని గుడ్డుకు, నీళ్లు వడగట్టి తినే పిల్లకు, చర్మంతో కూడా ఊపిరి పీల్చే పెద్దకు దాన్నుంచి తప్పించుకునే దారి తక్కువ. ఆ రోజుల్లో వరంగల్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు జనగామలోకి వెళ్లిన ఏనబావి ఊరు రసాయన మందులను మొత్తానికే మానేసింది. కప్పల కోసం కాదు, అప్పుల నుంచి బయటపడటానికి.

వానలు మొహం చాటేస్తే తెలంగాణ పల్లెల్లో రోకలికి వేపాకుల మధ్య కప్పను కట్టి, ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోయించే కప్పతల్లి ఆచారం ఉంది. అలా వాన తెస్తుందని నమ్మిన కప్పకు వాన పడ్డాక నిలిచే నీళ్లు మాత్రం చట్టం కంటికి ఆనవు. చిత్తడి నేలల రక్షణకు కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనలు వరి మళ్లను, సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను నిర్వచనంలోంచే తప్పించాయి. చెరువుకైతే కనీసం రెవెన్యూ రికార్డులో శిఖం భూమి అని ఒక గీత ఉంటుంది. బండి జాడలో నిలిచిన నీళ్లకు సర్వే నంబరు ఎవరిస్తారు?