లాయరు గారి ఆఫీసులో రెండు వారాలు

జర్మనీలో బడికెళ్ళే పిల్లలున్న మన ఇళ్ళలో తొమ్మిదో తరగతో పదో తరగతో వచ్చేసరికి ‘షూలర్‌ప్రాక్టికుమ్’ అనే మాట వినబడుతుంది. రెండు మూడు వారాలు బడికి బదులు ఏదో ఒక పనిచోటికి వెళ్ళి రావాలన్నమాట. ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్నది రాష్ట్రాన్ని బట్టి, బడిని బట్టి మారుతుంది. జీతం ఇవ్వాలన్న నియమం లేదు. ప్రమాద బీమా బడి తరఫున ఉంటుంది. పదిహేనేళ్ళు నిండనివారి చేత రోజుకి 7 గంటలు, వారానికి 35 గంటలు మించి పని చేయించకూడదు.

మనవాళ్ళు ఎక్కువగా నాన్నగారి సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే చోటు చూస్తారు. మీ అమ్మాయి లాయరు ఆఫీసుకి వెళ్తానంటే సంతోషంగా పంపండి. అద్దాల మేడలో ఉన్న పెద్ద సంస్థే కావాలని పట్టుబట్టకండి. ఇద్దరు ముగ్గురు లాయర్లున్న వీధి చివర ఆఫీసు మేలని నా అభిప్రాయం. ఇంటి అద్దె తగాదా, ఉద్యోగం ఊడిన మనిషి, విడాకులు అన్నీ అక్కడికే వస్తాయి. కొన్ని నెలల ముందే ఉత్తరం, లెబెన్స్‌లౌఫ్ పంపాలి. ఫోను మాత్రం పిల్లే చెయ్యాలి, మీరు కాదు.

వెళ్ళేముందు ఇంట్లో ఒక పని చేయించండి. మీకొచ్చిన ఆఫీసు ఉత్తరాలు తీసి చదివించండి. కోర్టు పంపే పసుపుపచ్చ కవరు మీద పోస్ట్‌మాన్ తేదీ ఎందుకు వేస్తాడో తెలుసా? గడువు ఆ రోజు నుంచే లెక్క. ఉద్యోగం తీసేస్తూ ఉత్తరం ఇస్తే, దాని మీద లేబర్ కోర్టుకి వెళ్ళడానికి మూడు వారాలే టైము. ఈ గడువునే ‘ఫ్రిస్ట్’ అంటారు. లాయరు ఆఫీసు నడిచేదంతా దాని చుట్టూనే. ఆ లెక్కలు చూసే సహాయకులు మూడేళ్ళు శిక్షణ పొందినవాళ్ళు. మన ప్లీడరు గుమాస్తాల్లాగే వీళ్ళకి తెలియని కిటుకు ఉండదు. పిల్లని వాళ్ళ పక్కన కూర్చోమనండి. 2022 జనవరి 1 నుంచి లాయర్లు కోర్టుకి కాగితాలు ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే పంపాలి కాబట్టి స్కానింగ్ పని తగలవచ్చు. చిన్నతనంగా అనుకోవద్దు. అందరినీ ‘జీ’ అనే పిలవాలి. మన ‘మీరు’ అలవాటున్న పిల్లలకి ఇది కష్టమేం కాదు.

ఇక అసలు సంగతి. రహస్యం కాపాడతానని మొదటిరోజే సంతకం పెట్టించుకుంటారు. వృత్తి రహస్యం బయటపెట్టిన లాయరుకి శిక్షాస్మృతి 203వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గానీ జరిమానా గానీ పడవచ్చు. పిల్లకంటే ముందు ఈ విషయంలో తయారవ్వాల్సింది మనం. రాత్రి అన్నం దగ్గర “ఇవాళ ఎవరొచ్చారమ్మా?” అని అడగటం మనకి సహజం. ఊళ్ళో ఉన్నవి నలభై తెలుగు ఇళ్ళయితే, “ఒక ఇండియన్ ఆంటీ వచ్చింది” అన్న ఒక్కమాట చాలు, ఆదివారం భోజనాలకల్లా ఆవిడ కాపురం గుట్టు నలుగురి నోళ్ళలో నానుతుంది. “ఇవాళ ఏం నేర్చుకున్నావు?” అని అడగండి.

కోర్టుకి తీసుకెళ్తే పాస్‌పోర్టు గానీ గుర్తింపు కార్డు గానీ దగ్గరుండాలి. మామూలు విచారణలు ఎవరైనా చూడవచ్చు. కుటుంబ కేసులు, పిల్లల మీది క్రిమినల్ కేసులు అలా కాదు. అక్కడ బయట కూర్చోమంటే నొచ్చుకోకూడదు.

చివర్లో బడికి రిపోర్టు రాయాలి. పేర్లు, ఊర్లు, కంపెనీలు లేకుండా, ఒక కేసు ఆఫీసులో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కుతుందో రాస్తే చాలు. బడిలో ఇచ్చే ముందు లాయరు గారికి ఒకసారి చూపించమనండి.