మహాశాస్త్రజ్ఞుని సభలో బాలుడు

పేరుపొందిన శాస్త్రజ్ఞుడెవరైన ఉపన్యసించుచున్నాడని వినినచో, పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని సభకు పోవుదురు. ఇంటికి వచ్చిన పిదప “ఆయనను చూచితివా?” అని అడుగుదురేగాని, “నీకేమి సందేహము తోచినది?” అని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని నేను మనవి చేయుచున్నాను.

1968వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన, విక్రమ్ సారాభాయి అహమ్మదాబాదులో నెలకొల్పిన ప్రజావిజ్ఞానకేంద్రమునకు శంకుస్థాపన జరుగగా, సర్ చంద్రశేఖర వేంకటరామన్ ఉపన్యసించెను. అప్పటికాయనకు 80 ఏండ్లు. ఆకాశము నీలముగా నుండుటకు కారణమేమనునదే విషయము. నోబెల్ బహుమానమందిన పండితుడు, తల యెత్తినచో ఎవరికైనను కనబడు దానినే ఎన్నుకొనుట గమనింపదగినది. విశాఖపట్టణపు సముద్రతీరమున బాల్యము గడపినవాడాయన.

నెల్లూరు జిల్లా జువ్వలదిన్నెలో, బంగాళాఖాతపు ఒడ్డున పెరిగిన పిల్లవాడొకడు అట్టి సభకు పోయెననుకొందము. వానియొద్ద ప్రశ్న సిద్ధముగనే యున్నది: “దోసిట పట్టిన నీటికి రంగు లేదు. సముద్రమేల నీలముగా నున్నది?”

అది ఆకాశపు నీడయని పలువురందురు. లార్డు రేలీ అంతటివాడును అట్లే తలచెను. 1921లో రామన్ ఓడప్రయాణములో, నీటిపైబడి తిరిగివచ్చు వెలుగును అడ్డగించు స్ఫటికపు పట్టకముగుండ సముద్రమును చూచెను. నీడ తొలగినను నీలము పోలేదు, మరింత స్ఫుటమాయెను. నీటి అణువులే వెలుగును చెదరగొట్టుచున్నవని ఆయన నిశ్చయించెను. ఈ విచారణయే 1928లో రామన్ ఫలితమునకు దారితీసెను.

కథ అంతటితో ముగియలేదు. సూర్యుని తెల్లని వెలుగులో అన్ని రంగులును కలసియున్నవి గదా! నీరు వానిలో ఎరుపును హెచ్చుగను, నీలమును మిక్కిలి తక్కువగను మ్రింగును. దోసెడు నీటిలో ఆ నష్టము కంటికి తెలియదు. బారలకొలది లోతు గడచిన వెలుగులో ఎరుపు నశించి నీలము మిగులును. దానిని అణువులు మరల పైకి చెదరగొట్టగా మనకు కనబడును. ఈ మ్రింగుటయే ప్రధానకారణమని నేడెరుగుదుము. ఒడ్డుచెంత ఇసుకయు ఒండ్రును కలియుటచే ఆ వన్నె మారును.

చూచితిరా! రేలీ మాటను రామన్ పరీక్షించెను. రామన్ మాటకు తరువాతివారు చేర్పుచేసిరి. పేరును బట్టి నమ్ముట శాస్త్రము కాదు.

కావున తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! సభకు పోవుటకు ముందే పిల్లవానిచేత తాను నిత్యము చూచుదానిపై ఒక సందేహమును వ్రాయింపుడు. అక్కడ అడుగ వీలుపడనిచో, వినినదానిని ఒడ్డునకు పోయి సరిచూచుకొనుమనుడు. కడలిమీద వేటకు పోవువారు నీటివన్నెను అనుదినము చూచుచున్నారు, వారినిగూడ అడుగుమనుడు. సభ ముగిసిన మరునాడే వాని చదువు మొదలగును.